త్సురుమి లైన్లో ఆదివారం ఇరుక్కుపోయాం. నాన్నకి చూపించదగ్గ లైనేనా ఇది?

ఉక్కునగరం_అబ్బాయి
జపాన్‌లో కవాసాకికి వచ్చి మూడేళ్ళయింది. మా ఇంటికి దగ్గర్లోనే త్సురుమి లైన్ అని ఒక బుల్లి రైలు మార్గం ఉంది. ఆఫీసులో నా పక్క సీటు జపాన్ ఆయన "ఒక్కసారైనా ఎక్కు, ఎక్కు" అని వచ్చిన దగ్గర్నుంచీ చెబుతున్నాడు. సరేనని మొన్న ఆదివారం పొద్దున్నే నేను, మా ఆవిడ, నాలుగేళ్ళ పాప బయల్దేరాం. మ్యాప్‌లో చూస్తే ఈ లైన్‌కి మూడు చివరలున్నాయి. అందులో ఓకావా అనే చివర చిన్నదిగా కనిపించింది, తొందరగా వెళ్ళి రావచ్చు కదా అని ఆ రైలెక్కాం.

దిగితే ఒకటే ప్లాట్‌ఫారం. టికెట్ ఇచ్చే మనిషి లేడు, చుట్టూ ఫ్యాక్టరీ గోడలు. పాపని పట్టాల పక్కన నిలబెట్టి నాలుగు ఫొటోలు తీసి వెనక్కి తిరిగేసరికి రైలు కదిలిపోయింది. తర్వాతది ఎప్పుడా అని బోర్డు చూస్తే, సాయంత్రం! నిజంగా కాళ్ళు చల్లబడ్డాయి. కొట్టు లేదు, పాప నీళ్ళు నీళ్ళు అని ఒకటే ఏడుపు. ఎత్తుకుని నడిచి ఎలాగో ఇంకో స్టేషన్‌కి చేరాం. మా ఆవిడ సోమవారం దాకా మాట్లాడలేదు.

అసలు అడగాల్సింది ఇది. నెలాఖరుకి అమ్మానాన్నా వస్తున్నారు. నాన్న వైజాగ్ స్టీల్ ప్లాంట్‌లో బ్లాస్ట్ ఫర్నేస్ (ఇనుము కరిగించే పెద్ద కొలిమి) దగ్గర 31 ఏళ్ళు చేసి రిటైరయ్యారు. గుళ్ళు, టవర్లు ఆయనకి పెద్దగా ఎక్కవు. ఫ్యాక్టరీల మధ్య తిరిగే రైలు కాబట్టి ఆయనకి నచ్చుతుందేమో అనుకున్నాను. ఇప్పుడేమో భయంగా ఉంది. ఇందులో ఏముందో తెలిసినవాళ్ళు చెప్పండి.

పట్టాల_పిచ్చి
ఆదివారం ఓకావానా! శని, ఆదివారాలు అక్కడికి రోజుకి మూడే రైళ్ళు బ్రో. ఆ లైన్ మొత్తంలో ఆ ఒక్క రోజు వెళ్ళకూడని చోటు ఏదైనా ఉందంటే అదే.

గోంగూర_ఇన్_గున్మా
మూడా? మా తాతగారి ఊరికి ఆర్టీసీ బస్సే రోజుకి నాలుగు సార్లు వచ్చేది.

నిషికసాయి_నీలిమ
అయ్యో పాప! ఈసారికి ఒకటి గుర్తుపెట్టుకోండి. ఓకావా నుంచి ముసాషి-షిరైషి స్టేషన్ ఒక కిలోమీటరే. పావుగంట నడక. మీరు చేరింది కూడా బహుశా అదే. సాయంత్రం దాకా కూర్చోవాల్సిన పని ఎవరికీ లేదు.

ఉక్కునగరం_అబ్బాయి
అవునండీ, అదే. పాపని ఎత్తుకుని నడిస్తే అది ఐదు కిలోమీటర్లలా అనిపించింది.

యోకోహామా_బాబాయ్
నేను 1994లో ట్రైనింగ్ కోసం ఇక్కడికి వచ్చాను. ఆ ఓకావా రైలు నాకు బాగా గుర్తు, కాస్త వివరంగా చెబుతాను.

అప్పట్లో ఓకావాకి వెళ్ళేది ఒకే ఒక్క పెట్టె. గోధుమ రంగు, 1929లో తయారైనది. లోపల గోడలు, నేల అంతా చెక్క. నడుస్తుంటే నేల కిర్రుమనేది, వానాకాలంలో చెక్కకి పూసిన నూనె వాసన వచ్చేది. ముసాషి-షిరైషిలో ఓకావాకి వేరే ప్లాట్‌ఫారం ఉండేది. అది ఎంత వంపుగా ఉండేదంటే 20 మీటర్ల కొత్త పెట్టె వస్తే అంచుకి రాసుకుపోతుంది. 17 మీటర్ల ఆ పాత పెట్టె ఒక్కటే పట్టేది. అందుకే టోక్యో పక్కన 67 ఏళ్ళ పెట్టె 1996 దాకా రోజూ కూలీనాలీ జనాన్ని మోసింది. 1996 మార్చిలో దాన్ని ఆపేశారు, ఆ వంపు ప్లాట్‌ఫారం పడగొట్టారు. అప్పట్నుంచి ఓకావా రైళ్ళు ముసాషి-షిరైషి పక్కనుంచే పోతాయి కానీ ఆగవు. వాటికి ముందు స్టేషన్ అన్‌జెన్.

కాబట్టి తమ్ముడూ, నువ్వు దిగిన ఆ ప్లాట్‌ఫారం ఖాళీగా ఉందని చిన్నచూపు చూడకు. దాని వెనక చాలా కథ ఉంది. మీ నాన్నగారిని తీసుకురా. కాకపోతే ఆదివారం కాదు, పనిరోజున.

కెమెరా_కన్ను
నేను మాత్రం ఒప్పుకోను బాబాయ్ గారూ. పెద్దవాళ్ళు అంత ఖర్చు పెట్టుకుని జపాన్ వచ్చేది ఫ్యాక్టరీ గోడలు చూడ్డానికా? కామాకురా తీసుకెళ్ళండి, ఎనోదెన్ ఎక్కించండి. అదీ చిన్న లైనే, సముద్రమూ కనిపిస్తుంది, పెద్ద బుద్ధుడూ ఉన్నాడు.

పట్టాల_పిచ్చి
ఎనోదెన్‌లో శని, ఆదివారాలు నిలబడ్డానికి చోటుండదు. పైగా సముద్రమే కావాలంటే త్సురుమి లైన్‌లోనే ఉంది కదా. ఉమి-షిబౌరా! ఉమి అంటేనే సముద్రం. ప్లాట్‌ఫారం కంచె అవతల నేరుగా నీళ్ళే. కంచె మీద చెయ్యేసి వంగి చూస్తే కాళ్ళ కింద కాలువ.

అర్ధరాత్రి_చాయ్
అక్కడ స్టేషన్ బయటికి వెళ్ళనివ్వరని విన్నాను. స్టేషన్ మొత్తం తోషిబా వాళ్ళదట.

పట్టాల_పిచ్చి
స్టేషన్ జేఆర్ రైల్వే వాళ్ళదే. నేల కంపెనీది. గేటు దాటితే తోషిబా ఫ్యాక్టరీ కాబట్టి ఉద్యోగులకీ, పనిమీద వచ్చినవాళ్ళకీ తప్ప బయటికి దారి లేదు. కానీ మనలాంటివాళ్ళు ఊరికే ప్లాట్‌ఫారం మీద నిలబడిపోకూడదని కంపెనీ వాళ్ళే 1995లో పక్కన చిన్న పార్కు కట్టారు. సన్నగా పొడుగ్గా, కాలువ వెంబడే. పొద్దున 9 నుంచి రాత్రి 8:30 దాకా తీసి ఉంటుంది. అక్కడ సుయికా (రైలు టికెట్ కార్డు) తాకించే మిషన్ ఉంది. దిగాక ఒకసారి తాకించి పార్కులోకి, వచ్చేటప్పుడు మళ్ళీ తాకించి రైల్లోకి. ఇది మర్చిపోతే తర్వాత కార్డు మొరాయిస్తుంది.

నిషికసాయి_నీలిమ
పార్కులో కూర్చుంటే ఎదురుగా త్సురుమి త్సుబాసా వంతెన. త్సుబాసా అంటే రెక్క. నిజంగానే రెక్కలు చాచినట్టు ఉంటుంది. సూర్యాస్తమయం వేళ వెళ్ళండి, మీ ఆవిడ కూడా మాట్లాడతారు 😀

కెమెరా_కన్ను
సరే, ఆ ఫొటోలు చూశాను, బాగున్నాయి. ఒప్పుకుంటున్నా. కానీ అందరికీ ఒక విన్నపం. ఫ్యాక్టరీ గేటు వైపు కెమెరా తిప్పకండి, అక్కడ ఫొటోలు నిషేధం, సెక్యూరిటీ ఆయన పరిగెత్తుకొస్తాడు. నీళ్ళ వైపు ఎన్నయినా తీసుకోవచ్చు.

జపనీస్_ఎన్‌3
ఈ లైన్‌లో స్టేషన్ల పేర్ల గురించి మా జపనీస్ టీచర్ ఒక క్లాసంతా చెప్పారు. సగం పేర్లు ఊళ్ళవి కావు, షావుకార్లవి!

అసానో స్టేషన్: అసానో సోఇచిరో, సిమెంటు రాజు. ఇక్కడి సముద్రాన్ని పూడ్చి ఫ్యాక్టరీలకి నేల తయారుచేసింది ఆయనే. ఆ నేల మీదకి సరుకు తేవడానికే ఈ రైలు వేశారు.
అన్‌జెన్: బ్యాంకుల యసుదా జెన్‌జిరో. ఇంటిపేరులో మొదటి అక్షరం, పేరులో మొదటి అక్షరం కలిపారు. పలికితే మాత్రం "భద్రత" అనే మాటలా వినబడుతుంది.
ఓకావా: కాగితం మిల్లుల ఓకావా హెయిజాబురో.
ఓగిమాచి: ఓగి అంటే విసనకర్ర. అసానో వాళ్ళ వంశ చిహ్నం విసనకర్ర, దాన్ని కూడా వదల్లేదు.
ముసాషి-షిరైషి: షిరైషి మోతోజిరో. 1912లో పెట్టిన నిప్పన్ కోకాన్ ఉక్కు కంపెనీకి మొదటి అధ్యక్షుడు.

చివరిది ఉక్కునగరం గారి నాన్నగారి కోసం!

గోంగూర_ఇన్_గున్మా
అంటే మన దగ్గర ఒక లైన్ వేసి స్టేషన్లకి వరసగా పెట్టుబడిదార్ల పేర్లు పెట్టినట్టన్నమాట. రైలెక్కితే బోర్డు మీటింగ్‌కి వెళ్ళినట్టే.

నిషికసాయి_నీలిమ
బెంతెన్‌బాషిని మర్చిపోయారు! బాషి అంటే వంతెన. బెంతెన్ ఎవరో తెలుసా? మన సరస్వతీదేవి. చేతిలో వీణలాంటి బివా ఉంటుంది. ఆమె గుడి పేరుమీద వంతెన, వంతెన పేరుమీద స్టేషన్. ఈ లైన్ రైళ్ళు రాత్రి పడుకునే యార్డు కూడా బెంతెన్‌బాషి పక్కనే. మీ అమ్మగారికి చెప్పండి, దణ్ణం పెట్టుకుంటారు.

ఉక్కునగరం_అబ్బాయి
ఇంత ఉందా ఇందులో! ఎన్‌3 గారూ, షిరైషి విషయం విన్నాక మనసు మారిపోయింది. ఆ కంపెనీ ఇప్పుడుందా?

యోకోహామా_బాబాయ్
ఉంది, వేరే పేరుతో. నిప్పన్ కోకాన్, కవాసాకి స్టీల్ కలిసిపోయి జేఎఫ్ఈ అయ్యాయి. కానీ తమ్ముడూ, మీ నాన్నగారికి ముందే ఒక మాట చెప్పి ఉంచు. కాలువ అవతల ఓగిషిమా దీవిలో వాళ్ళ చివరి బ్లాస్ట్ ఫర్నేస్‌ని 2023 సెప్టెంబర్ 16న ఆర్పేశారు. ఈ తీరంలో ఇప్పుడు కొలిమి మండటం లేదు. ముప్పై ఏళ్ళు ఫర్నేస్ దగ్గర నిలబడిన మనిషి కదా, ఇక్కడికి వచ్చాక తెలిస్తే మనసు కలుక్కుమంటుంది.

ఉక్కునగరం_అబ్బాయి
నిన్న ఫోన్‌లో చెప్పాను బాబాయ్ గారూ. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఆర్పడం అంటే మాటలు కాదురా, లోపల మిగిలినదంతా దించాలి, ఎన్నాళ్ళు పట్టిందో" అన్నారు. మా ప్లాంట్‌లో ఫర్నేస్‌ల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. నాన్న ఎప్పుడూ వాటిని "మిషన్" అనరు. "కృష్ణకి ఒంట్లో బాగోలేదు, ఈ రాత్రికి రాను" అని అమ్మకి ఫోన్ చేసేవారు. నాకు చిన్నప్పుడు కృష్ణ అంటే ఎవరో చుట్టాలావిడ అనుకునేవాణ్ణి.

రేపల్లె_ప్యాసింజర్
చదువుతుంటే గొంతు పట్టేసింది తమ్ముడూ. తీసుకెళ్ళు. ఖచ్చితంగా తీసుకెళ్ళు.

అర్ధరాత్రి_చాయ్
ఫర్నేస్ పోయింది, బొగ్గు పోయింది, ఫ్యాక్టరీలు తగ్గుతున్నాయి. నా అంచనా ఇంకో పదేళ్ళలో ఈ లైన్ మూసేస్తారు. జనం లేని చోట రైలు ఎందుకు నడుపుతారు?

పట్టాల_పిచ్చి
మీరు పనిరోజున పొద్దున ఏడున్నరకి త్సురుమి స్టేషన్‌లో నిలబడి ఈ మాట అనండి చూద్దాం. కొన్ని నిమిషాలకొక రైలు, ప్రతిదీ కిటకిట. మధ్యాహ్నం ఖాళీగా ఉంటుంది కాబట్టి అందరూ ఇది చచ్చిపోయిన లైన్ అనుకుంటారు. ఇది షిఫ్టుల లైన్. షిఫ్టు టైముకి బతుకుతుంది, మిగతా టైములో పడుకుంటుంది.

ఇంకోటి, మూసేసే లైన్‌కి కొత్త పెట్టెలు ఎవరైనా కొంటారా? 2023 డిసెంబర్ నుంచి ఈ131 రకం కొత్తవి దించారు, మూడేసి పెట్టెల రైళ్ళు ఎనిమిది. చుక్కల డిజైన్. పాత 205 రకం 2024 ఫిబ్రవరికల్లా వెళ్ళిపోయాయి.

అర్ధరాత్రి_చాయ్
కొత్త పెట్టెలు వేరే లైన్‌కి కూడా మార్చుకోవచ్చు కదా. అది సాక్ష్యం కాదు. ఓగిమాచి నుంచి సైతామాలో సిమెంటు ఫ్యాక్టరీకి బొగ్గు మోసే గూడ్సు 2020లో ఆగిపోయింది. జపాన్‌లో బొగ్గు రైలు అంటే అదే చివరిది. సరుకు కోసం పుట్టిన లైన్‌కి సరుకే లేకపోతే ఎలా?

యోకోహామా_బాబాయ్
చాయ్ గారు చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. 1926లో ఈ లైన్ మొదలైంది సరుకు కోసమే. జనాన్ని ఎక్కించుకోవడం 1930 నుంచి. యుద్ధకాలంలో, 1943లో, ప్రభుత్వం తీసేసుకుంది. అంతకుముందు అది అసానో మనుషుల ప్రైవేటు రైలు. కాబట్టి సరుకు తగ్గితే లైన్‌కి దిగులే.

కానీ సరుకు పూర్తిగా పోలేదు. అన్‌జెన్ దగ్గర ఇప్పటికీ చమురు ట్యాంకర్లు నిలబడి ఉంటాయి. యోకోతాలోని అమెరికన్ స్థావరానికి విమాన ఇంధనం వెళ్ళేది ఇక్కడి నుంచే. ఇంకో పక్క 2022 నుంచి హైడ్రోజన్‌తో నడిచే రైలుని పరీక్షించింది కూడా ఈ లైన్ మీదే. ఆ రైలు పేరు HYBARI, హిబారి అని పలుకుతారు. హిబారి అంటే భరత పక్షి, కానీ ఇది హైడ్రోజన్, హైబ్రిడ్ లాంటి ఇంగ్లీషు మాటల ముక్కలు కలిపి పెట్టిన పేరు. బొగ్గు రైలు ఆగిన రెండేళ్ళకి అదే పట్టాల మీద హైడ్రోజన్ రైలు. వందేళ్ళ లైన్ ఇది, అంత తేలిగ్గా పోదని నా నమ్మకం.

అర్ధరాత్రి_చాయ్
హైడ్రోజన్ సంగతి తెలియదు. అయితే నా పదేళ్ళ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఓకావా కొమ్మ విషయంలో మాత్రం నా అనుమానం అలాగే ఉంది.

పట్టాల_పిచ్చి
ఓకావా గురించి నాకూ బెంగే. అందుకే నెలకోసారి వెళ్ళి ఎక్కి వస్తాను. ఒక్క టికెట్టయినా నా వంతు.

రేపల్లె_ప్యాసింజర్
మాది రేపల్లె. తెనాలిలో రైలు మారితే ఇక రేపల్లెతో పట్టాలు అయిపోతాయి. చివరి స్టేషన్ ఊళ్ళో పుట్టినవాడికే తెలుస్తుంది ఆ ఫీలింగు, రైలు మన కోసమే వచ్చి మన కోసమే వెనక్కి వెళ్తుంది. ఉమి-షిబౌరాలో రైలు ఆగి తలుపులు తెరిచి అలా నిలబడి ఉంటే నాకు మా ఊరే గుర్తొచ్చింది. చుట్టూ మాత్రం చేపల బుట్టలు, మల్లెపూల మూటలు లేవు.

గోంగూర_ఇన్_గున్మా
ఇప్పుడు మల్లెపూలు గుర్తు చేశారు, రాత్రికి నిద్ర పట్టదు.

చిన్న_కొశ్చెన్
ఇక్కడ ఎవరూ కొకుదో స్టేషన్ గురించి చెప్పలేదేం? త్సురుమి తర్వాత మొదటిదే అది. నేను ఒకసారి పొరపాటున దిగి భయపడ్డాను. పట్టపగలే చీకటి.

కెమెరా_కన్ను
ఆహా, దానికోసమే నేను నాలుగుసార్లు వెళ్ళాను! కొకుదో అంటే జాతీయ రహదారి. స్టేషన్ పేరే "నేషనల్ హైవే". 1930లో కట్టినప్పుడు ఎలా ఉందో దాదాపు అలాగే ఉంచారు. పైన పట్టాలు, కింద పొడుగ్గా గుహలాంటి దారి, తలమీద కాంక్రీటు కమానులు ఒకదాని వెనక ఒకటి. పాత కొట్లు ఎక్కువ మూతపడ్డాయి. చీకట్లో ఒక చోట బొగ్గుల మీద కోడిముక్కలు కాల్చే వాసన వస్తుంది, అటు వెళ్తే చిన్న కొట్టు, ఎర్ర లాంతరు.

బయట గోడ మీద గుంటలు కనిపిస్తాయి, చూడండి. యుద్ధంలో విమానాల నుంచి కాల్చిన తూటాల గుర్తులు. నేను ఒక గుంటలో వేలు పెట్టి చూశాను, మొదటి కణుపు దాకా దిగింది. సిమెంటు అంచులు అరిగి నున్నగా అయ్యాయి, నాకంటే ముందు ఎంతమంది అలా వేలు పెట్టారో.

నిషికసాయి_నీలిమ
కొకుదోలో మెట్లున్నాయి, పెద్దవాళ్ళకి మోకాళ్ళ నొప్పులుంటే చూసుకోండి. కింద నుంచి నమముగి చేపల వీధి దగ్గరే. 1862లో సత్సుమా ప్రాంతపు సమురాయిలు ఒక ఇంగ్లీషు వర్తకుణ్ణి నరికిన నమముగి గొడవ జరిగింది కూడా ఆ ప్రాంతంలోనే.

ఉక్కునగరం_అబ్బాయి
నాన్నకి మోకాళ్ళు బాగానే ఉన్నాయి. అమ్మకే నొప్పులు. అమ్మ సంగతే ఆలోచిస్తున్నా. రోజంతా ఫ్యాక్టరీలు చూపిస్తే "మీ నాన్నతో ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇదేగా, ఇక్కడ కూడానా" అంటుంది.

నిషికసాయి_నీలిమ
దానికి నా దగ్గర మంచి ఉపాయం ఉంది. కవాసాకిలోనే ఇంకో చిన్న లైన్ ఉంది, కేక్యూ రైల్వే వాళ్ళ దైషి లైన్. నాలుగున్నర కిలోమీటర్లు. 1899లో కవాసాకి దైషి గుడికి వెళ్ళే భక్తుల కోసం వేసిన లైన్ అది, కేక్యూ కంపెనీ పుట్టిందే దానితో. గుడి ముందు వీధిలో అటూ ఇటూ మిఠాయి కొట్లు. చెక్కపలక మీద కత్తులతో టకటకటక లయగా మిఠాయి తరుగుతారు, వీధి మొదట్లోకే ఆ చప్పుడు వినిపిస్తుంది. అమ్మగారికి గుడి, నాన్నగారికి ఫ్యాక్టరీ. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి.

కెమెరా_కన్ను
నేను కామాకురా అన్నాను కానీ నీలిమగారి ప్లానే బాగుంది. ఇంటికి దగ్గర కూడా.

పట్టాల_పిచ్చి
నా సలహా రాసుకోండి. పనిరోజు. ఏడున్నరకి త్సురుమి స్టేషన్. మెయిన్ లైన్ పక్కన పై అంతస్తులో ఈ లైన్‌కి వేరే ప్లాట్‌ఫారాలు, పైన పెద్ద కమాను కప్పు. మిగతా స్టేషన్లలో 1971 నుంచే మనుషులు లేరు కాబట్టి ఇక్కడ మధ్యలో ఇంకో టికెట్ గేటు ఉండేది, 2022లో తీసేశారు. ఆ హాలు ఇప్పటికీ పాతకాలం స్టేషన్ లాగే ఉంటుంది. అక్కడ పది నిమిషాలు నిలబడితే చాలు, నాన్నగారికి షిఫ్టు జనం కనిపిస్తారు.

తర్వాత ముందు ఓగిమాచి వైపు. హామా-కవాసాకిలో నాంబు లైన్‌కి మారాలంటే రోడ్డు దాటి ఎదురు స్టేషన్‌కి వెళ్ళాలి. అలా మారేవాళ్ళు అక్కడ కార్డు తాకించకూడదు, బోర్డు కూడా ఉంటుంది. చాలామంది అలవాటుగా తాకించేసి ఇబ్బంది పడతారు. తొమ్మిది దాటాక వెనక్కి అసానోకి వచ్చి ఉమి-షిబౌరా. పగలు రైలుకీ రైలుకీ గంట పైనే గ్యాప్ ఉంటుంది, తిరుగు రైలు టైము ముందే చూసుకోండి.

యోకోహామా_బాబాయ్
నీళ్ళ సీసా కూడా.

ఉక్కునగరం_అబ్బాయి
చిత్తం బాబాయ్ గారూ. అందరికీ థాంక్స్. వెళ్ళొచ్చాక ఇక్కడే రాస్తాను.

చిన్న_కొశ్చెన్
అసానోలో పిల్లులు ఉంటాయి, పాపకి చెప్పండి! లైన్ రెండుగా చీలేది అక్కడే కాబట్టి ప్లాట్‌ఫారాలు త్రికోణంలా ఉంటాయి, మధ్యలో చెట్లు. వాటి కింద పడుకుంటాయి.

గోంగూర_ఇన్_గున్మా
మూడు వారాలైంది. ఉక్కునగరం తమ్ముడూ, వెళ్ళారా? రోజూ వచ్చి చూస్తున్నాను.

ఉక్కునగరం_అబ్బాయి
వెళ్ళొచ్చాం. మొన్న బుధవారం, సెలవు పెట్టాను. ఆలస్యానికి క్షమించండి.

పొద్దున త్సురుమి స్టేషన్లో నాన్న ఒక పక్కన నిలబడి వచ్చేపోయే జనాన్నే చూశారు. అందరి చేతుల్లో భోజనం సంచులు, కాళ్ళకి బరువు బూట్లు. "ఏ-షిఫ్టు" అన్నారు. అంతే. మనకి ఉదయం ఆరుకి మొదలయ్యేదాన్ని ఏ-షిఫ్టు అంటారు. రైల్లో ఒకాయన నాన్న నెరిసిన జుట్టు చూసి లేచి సీటిచ్చారు. నాన్న కూర్చోలేదు, ఆయన భుజం మీద చెయ్యేసి మళ్ళీ కూర్చోబెట్టారు. డ్యూటీకి వెళ్ళేవాడు కూర్చోవాలట.

బెంతెన్‌బాషి వచ్చినప్పుడు అమ్మకి సరస్వతి అని చెప్పాను. రైలు ఆగిన ఆ కాసేపూ కిటికీలోంచి కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. ఎదురుగా కూర్చున్న ముసలావిడ చూసి, ఎందుకో తెలియకపోయినా, తనూ తల వంచింది.

అన్‌జెన్ దగ్గర ట్యాంకర్లు వరసగా ఉన్నాయి. నాన్న లెక్కపెట్టారు. ముసాషి-షిరైషి బోర్డు దగ్గర షిరైషి ఎవరో చెప్పాను. "కంపెనీ పెట్టినాయన పేరు రైల్వే స్టేషన్‌కి మిగిలిందన్నమాట" అని బోర్డుని ఫొటో తీసుకున్నారు. ఆయన ఫోన్‌లో ఫొటో తీయడం నేను చూడ్డం ఇదే మొదటిసారి.

ఉమి-షిబౌరాలో తొమ్మిదిన్నరకి దిగాం. పార్కులో మేం తప్ప ఎవరూ లేరు. పాప, అమ్మ బెంచీ మీద. నాన్న కంచె పట్టుకుని కాలువ అవతలికి చూస్తూ, "అటేనా?" అని అడిగారు. ఓగిషిమా అటే అన్నాను. కొలిమి కనిపించదని కూడా చెప్పాను. "పొగ లేకపోతే తెలిసిపోద్దిలే" అన్నారు. చాలాసేపు అక్కడే ఉన్నారు. గాలికి తువ్వాలు ఎగురుతుంటే అమ్మ వెళ్ళి మెడకి చుట్టింది. మాకు రావాల్సిన రైలు వచ్చింది, వెళ్ళింది. నేను పిలవలేదు. ఇంకో రైలుకి వచ్చాం.

మధ్యాహ్నం దైషి గుడి. నీలిమగారూ, మిఠాయి తరిగే చోట అమ్మ అరగంట నిలబడింది. కత్తుల లయకి పాప చప్పట్లు కొట్టింది. మూడు పొట్లాలు కొన్నాం, ఒకటి సీట్లోంచి లేచినాయనకి ఇవ్వాల్సింది అని నాన్న ఇప్పటికీ అంటున్నారు.

యోకోహామా_బాబాయ్
ఇంకేం అక్కర్లేదు తమ్ముడూ. మా నాన్నగారు పోయేముందు ఒక్కసారి తీసుకురాలేకపోయాను. నువ్వు రాసింది రెండుసార్లు చదివాను.

పట్టాల_పిచ్చి
రైలు వచ్చినా పిలవలేదు చూడండి, అది నాకు నచ్చింది. ఆ లైన్‌లో గ్యాప్ అంతసేపు ఉన్నందుకు మొదటిసారి సంతోషంగా ఉంది.

అర్ధరాత్రి_చాయ్
నేనూ ఈ శుక్రవారం పొద్దున ఏడున్నరకి వెళ్తున్నాను. జనం లేరని అన్నది నేనే కదా, చూసి వచ్చి చెబుతాను.

నిషికసాయి_నీలిమ
మీ ఆవిడ మాట్లాడారా మరి? 😀

ఉక్కునగరం_అబ్బాయి
మాట్లాడింది. ఆమే గుర్తుచేసింది, నాన్న ఓకావా కూడా చూడాలంటున్నారని. ఆ 1929 పెట్టె సంగతి చెప్పాను, వంపు ప్లాట్‌ఫారం ఉన్న చోటు చూడాలట. శుక్రవారం పొద్దున వెళ్తున్నాం. చాయ్ గారూ, మీరూ ఆ టైముకే కదా, త్సురుమిలో పై అంతస్తులో కనిపిస్తాం, నాన్న మెడలో ఎర్ర గళ్ళ తువ్వాలు ఉంటుంది. టైమ్ టేబుల్ ఫొటో తీసి పెట్టుకున్నాను. నీళ్ళ సీసాలు రెండు.